మెయిల్‌లో ఆరో లైను

పోయిన వారం ఇక్కడ రాసినదాంట్లో ‘డైలీ మెయింటెనెన్స్’ అని ఒక ముక్క పడింది. దాన్ని పట్టుకుని చాలామంది ఒకటే అడిగారు. ‘క్లౌడ్ అంటే దానంతట అదే నడిచేది కదన్నా, రోజూ అందులో చూసేదేముంటుంది?’ అని. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాకూ ఇదే డౌటు. ఆ డౌటు తీరడానికి నాకు ఏడాది పట్టింది. ఓ పద్నాలుగు మందికి రెండోసారి సూది గుచ్చాల్సి కూడా వచ్చింది. ఆ కథకు తర్వాత వస్తా.

ముందు క్లౌడ్ సంగతి. అది ఆకాశంలో లేదని మీకు తెలుసు. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాద్ రీజియన్ మొదలుపెట్టింది. రీజియన్ అంటే దేని కరెంటు దానికి, దేని నెట్‌వర్క్ దానికి ఉండే డేటా సెంటర్ల గుంపు. ఆ బిల్డింగులు, ఏసీలు, జనరేటర్లు చూసుకోవడం, పాడైన హార్డ్‌డిస్క్ పీకి కొత్తది పెట్టడం వాళ్ల పని. దాని మీద మనం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్, డేటా, పాస్‌వర్డులు మన పని. గేటెడ్ కమ్యూనిటీలో ఫ్లాట్ లాంటిదే అనుకోండి. లిఫ్టు ఆగితే అసోసియేషన్ చూసుకుంటుంది. బాత్రూంలో కుళాయి కట్టెయ్యకుండా ఊరెళితే మాత్రం ఆ నీళ్లు మనవే, కింద ఫ్లాటువాళ్లతో గొడవా మనదే.

మా కంపెనీ చేసేది డయాగ్నస్టిక్ ల్యాబులకి సాఫ్ట్‌వేర్. చిన్న ఊళ్లలో రక్తపరీక్షలు చేసే ల్యాబులు ఉంటాయి కదా, అక్కడ రిపోర్టు తయారై మీ వాట్సాప్‌కి వచ్చేదాకా నడిచే తంతంతా మాది. ల్యాబులు పొద్దున్నే పరగడుపు వాళ్లతో నిండిపోతాయి. అందుకని మా చెకింగ్ ఏడుంబావుకల్లా అయిపోవాలి. షీట్‌లో పదకొండు వరసలు. ఒక్కోదాన్నీ చూసి పక్కన ‘ఓకే’ అని కొట్టాలి. చూడ్డానికి ఇంతకంటే బోరు పని ప్రపంచంలో ఉండదు.

మొదటి వరస డిస్క్. ప్రతి సర్వరూ తనలో జరిగినదంతా రాసుకుంటూ పోతుంది. ఎవరొచ్చారు, ఏం అడిగారు, ఏం ఇచ్చాను అని. అదే లాగ్. కిరాణా కొట్టు చిట్టా పుస్తకం లాంటిది, కాకపోతే పేజీలు అయిపోతే కొట్టే మూతపడుతుంది. డిస్క్ నిండితే డేటాబేస్ ఒక్క అక్షరం రాసుకోలేదు. ఇందులో నేను నేర్చుకున్న కిటుకు ఒకటుంది. 91 శాతం నిండింది అన్న ముక్క ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. నిన్న 90 ఉంటే తీరిగ్గా టిఫిన్ చేసొచ్చి చూడొచ్చు. నిన్న 70 ఉండి ఇవాళ 91 అయితే, సాయంత్రంలోపు మనం అయిపోయాం. ఇవాళ్టి నంబరుకి నిన్నటి నంబరు పక్కన ఉంటేనే అర్థం.

రెండోది సర్టిఫికెట్లు. కొన్ని బ్రౌజర్లలో అడ్రస్ పక్కన తాళం బొమ్మ ఉంటుందే, దానికి ఎక్స్‌పైరీ డేట్ ఉంటుంది. పాలప్యాకెట్‌కి ఉన్నట్టే. 2020 ఫిబ్రవరి 3న మైక్రోసాఫ్ట్ టీమ్స్ కొన్ని గంటలపాటు పడిపోయింది. కారణం, ఒక సర్టిఫికెట్ గడువు అయిపోవడం. అంత పెద్ద కంపెనీకే తప్పలేదు. ఇకమీద ఇంకా కష్టం. అప్పటిదాకా ఏడాదికి పైగా పనికొచ్చిన ఈ సర్టిఫికెట్ల గడువును దశలవారీగా తగ్గించి, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు కుదించాలని సర్టిఫికెట్లు ఇచ్చేవాళ్లు, బ్రౌజర్ల వాళ్లు కలిసి 2025లో తీర్మానం చేసుకున్నారు. ఇక చేత్తో మార్చుకుంటూ కూర్చుంటే అయ్యే పని కాదు.

తర్వాత ప్యాచ్‌లు. సాఫ్ట్‌వేర్‌లో కన్నం బయటపడితే దాన్ని పూడ్చే అప్‌డేట్ వస్తుంది. మీ ఫోన్ రాత్రిపూట ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు అప్‌డేట్ అయిపోయినట్టు సర్వర్‌ని చెయ్యడం కుదరదు. దాని మీద అప్పటికే జనం ఉంటారు. ముందు దాని మీదికి కొత్తవాళ్లు రాకుండా ఆపాలి, ఉన్నవాళ్ల పని పూర్తవనివ్వాలి, ఖాళీ అయ్యాక అప్‌డేట్ చేసి, రీస్టార్ట్ చేసి, బాగుందో లేదో చూసి మళ్లీ లైన్లోకి తేవాలి. ఒకటి అయ్యాకే రెండోది.

దీన్ని మా మావయ్యకు వివరిస్తుంటే మధ్యలోనే ఆపేశాడు. ‘ఎల్‌సీ తీసుకోవడమే కదరా’ అన్నాడు. ఆయన తెనాలి దగ్గర 33/11 కేవీ సబ్‌స్టేషన్‌లో ఆపరేటర్. లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ముందు సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆ ఫీడర్‌లో కరెంటు ఆపి, పుస్తకంలో రాసి, ఎవరికి ఇచ్చారో గుర్తుపెట్టుకోవాలి. తీసుకున్న మనిషి కిందకు దిగి ‘ఎల్‌సీ రిటర్న్’ అని చెప్పేదాకా స్విచ్ ముట్టుకోకూడదు. ‘మీకైతే సర్వర్ పోద్ది. మాకు మనిషి పోతాడు’ అన్నాడు. దానికి నేనేం అంటాను?

ఇక్కడ 2021 అక్టోబరు 4 గుర్తుచెయ్యాలి. మన టైం ప్రకారం రాత్రి తొమ్మిది దాటాక వాట్సాప్, ఇన్‌స్టా, ఫేస్‌బుక్ మూడూ ఒకేసారి ఆగిపోయి ఆరు గంటలు లేవలేదు. మా హాస్టల్‌లో వైఫై రౌటర్‌ని ఎన్నిసార్లు ఆఫ్ చేసి ఆన్ చేశామో లెక్కలేదు. అది హ్యాకింగ్ కాదు. రోజువారీ మెయింటెనెన్స్. వాళ్ల డేటా సెంటర్లను కలిపే నెట్‌వర్క్‌లో కెపాసిటీ ఎంతుందో చూద్దామని ఇచ్చిన ఒక కమాండ్, ఆ నెట్‌వర్క్ మొత్తాన్ని తెంపేసింది. అలాంటి కమాండ్లను అడ్డుకోవడానికే ఒక టూల్ ఉంది. ఆ టూల్‌లోనే బగ్ ఉండి అది అడ్డుకోలేదు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడడం అంటే ఇదే. ఎల్‌సీ పుస్తకం ఉంది, అందులో సంతకాలే సరిగ్గా లేవు.

మిగతా వరసలు వదిలేస్తా. తొమ్మిదో వరస దగ్గరికి వద్దాం. బ్యాకప్.

మా డేటాబేస్‌ను రోజూ రాత్రి రెండింటికి ఒక స్క్రిప్ట్ కాపీ తీసి వేరే చోట దాచేది. అయిపోగానే టీం అందరికీ ఒక మెయిల్. సబ్జెక్టులో పెద్దక్షరాలతో ‘సక్సెస్’. లోపల ఏడెనిమిది లైన్లు. మొదలైన టైం, అయిపోయిన టైం, ఫైల్ పేరు ఇలాంటివి. ఆ మెయిల్ నేను ఏనాడూ తెరవలేదు. దుప్పటి తియ్యకుండానే ఫోన్‌లో నోటిఫికేషన్ చూసి, షీట్ ఓపెన్ చేసి, తొమ్మిదో వరసలో ‘ఓకే’. ఒక్కోసారి సోమవారం నాడు శని, ఆదివారాలవి కూడా కలిపి కొట్టేవాణ్ని.

ఓ బుధవారం డిస్క్ నిండుతోందని పాత డేటా తుడిచే స్క్రిప్ట్ రన్ చేశాం. రెండేళ్లు దాటిన రికార్డులు తీసేయాలి. అందులో తేదీలను పోల్చే చోట ఒక గుర్తు తిరగబడింది. అది కొత్తవాటి నుంచి మొదలుపెట్టి రోజు తర్వాత రోజు వెనక్కి తుడుచుకుంటూ పోయింది. మూడు నిమిషాల్లో ఆపాం. అప్పటికే ఐదు వారాల రిజల్టులు పోయాయి.

‘ఇంకో కాపీ ఉంటుందిగా’ అనుకుంటున్నారా? ఉంది. ప్రధాన డేటాబేస్‌కి రెప్లికా ఉంది. ప్రధానం పడిపోతే వెంటనే అందుకోవడానికి అద్దంలా పక్కనే నడిచేది. అద్దం ముందు మీరు చెంప గీరుకుంటే అద్దంలోనూ గీరుకుంటారు కదా. డిలీట్ కూడా సెకనులోపే అక్కడికి వెళ్లిపోయింది. మీ ఫోన్‌లోనూ ఇదే సంగతి. గూగుల్ ఫోటోస్‌లోకి బ్యాకప్ అయింది కదా అని ఆ యాప్‌లోనే ఫోటో డిలీట్ కొడితే అది పైనా పోతుంది. 60 రోజులు ట్రాష్‌లో ఉండి, ఆ తర్వాత పూర్తిగా పోతుంది.

సరే, రాత్రి బ్యాకప్ ఉందిగా అని తెరిచాం. ఫైల్ ఉంది. సైజు 20 బైట్లు. ముందురోజుది చూశాం, 20 బైట్లు. దాని ముందురోజుది, 20 బైట్లు. బ్యాకప్‌లు 30 రోజులు దాచి పాతవి ఆటోమేటిగ్గా తీసేసేవాళ్లం. ముప్పై ఫైళ్లూ 20 బైట్లే. మీరు ఫార్వర్డ్ చేసే గుడ్ మార్నింగ్ మెసేజ్ కూడా అంతకంటే పెద్దదే.

కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 71 రోజుల కిందట డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కి మార్చాం. బ్యాకప్ తీసే మెషీన్‌లో మాత్రం పాత టూల్ అలాగే ఉండిపోయింది. ఆ పాత టూల్ కొత్త డేటాబేస్‌ను చూసి, ‘వెర్షన్ కలవట్లేదు, నేను చెయ్యను’ అని మర్యాదగా తప్పుకుంది. అది తప్పు చెయ్యలేదు. కానీ మా స్క్రిప్ట్‌లో రెండు ప్రోగ్రాంలను గొట్టంలా కలిపి పెట్టాం. మొదటిది డేటా తీసి ఇస్తే రెండోది కుదించి ఫైల్ చెయ్యాలి. మొదటిది చేతులెత్తేసింది. రెండోది మాత్రం తనకు అందిన శూన్యాన్నే శ్రద్ధగా కుదించి ఫైల్ చేసి పెట్టింది. ఏమీ లేనిదాన్ని జీజిప్‌తో కుదిస్తే వచ్చేది సరిగ్గా 20 బైట్లు, ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు చేసి చూసుకోవచ్చు. ఇలా గొట్టం కట్టినప్పుడు షెల్ చివరి ప్రోగ్రాం పాసైందా లేదా అన్నదే చూస్తుంది. చివరిది పాస్. కాబట్టి సక్సెస్. పైప్‌ఫెయిల్ అని ఒక్క సెట్టింగ్ పెట్టి ఉంటే మొదటి రాత్రే తెలిసిపోయేది.

ఇంకో విషయం. ఆ మెయిల్‌లో ఆరో లైను ‘సైజు: 20’. రోజూ వచ్చింది. అందరికీ వచ్చింది.

71 ‘ఓకే’ల్లో నావి 26. లెక్కపెట్టుకున్నా.

తర్వాతి నాలుగు రోజులూ ఎవరూ సరిగ్గా ఇంటికెళ్లలేదు. పేషెంట్లకు పంపేసిన రిపోర్టుల పీడీఎఫ్‌లు వేరే స్టోరేజీలో ఉన్నాయి, అవి బతికాయి. వాటిని తెరిచి ఒక్కో నంబరూ మళ్లీ ఎక్కించాం. కొన్ని ల్యాబ్ మెషీన్ల మెమరీలో దొరికాయి. కానీ ఆ బుధవారం పొద్దున చేసి, చేత్తో ఎంట్రీ కొట్టి, ఇంకా డాక్టర్ ఓకే చెయ్యని రిజల్టులు కొన్ని ఉన్నాయి. వాటికి పీడీఎఫ్ లేదు, కాగితమూ లేదు, శాంపిల్ పారేశారు. అలాంటివాళ్లు పద్నాలుగు మంది తేలారు. ల్యాబువాళ్లు ఫోన్ చేసి మళ్లీ రమ్మనాలి. ఒక ల్యాబతను ‘నేను చెప్పలేను సార్, మీరే మాట్లాడండి’ అని ఫోన్ నా చేతికే అంటగట్టాడు. అవతల ఓ తల్లి. పాపకి ఐదేళ్లు, వారంగా జ్వరం. నేను ‘సాంకేతిక సమస్య వల్ల’ అని మొదలుపెట్టా.

‘మీ కంప్యూటర్ పాడైతే మా పిల్లకి మళ్లీ సూదా బాబూ?’ అంది.

కోప్పడలేదు. నిజంగానే అడిగింది. వెనకాల పాప ఏడుపు వినిపిస్తోంది, ‘సూది’ అన్న మాట వినపడినట్టుంది. నా దగ్గర జవాబు లేదు. టెస్టుకి డబ్బులు తీసుకోరండీ అన్నాను. ఇప్పటికీ ఆ మాట అన్నందుకే ఎక్కువ సిగ్గుపడతాను.

ఆ వారాంతం ఇలాంటివి ఇంకెవరికైనా జరిగాయా అని వెతుకుతూ గిట్‌ల్యాబ్ కథ మొత్తం చదివా. కోడ్ దాచుకునే ఆ సైట్ గురించి బీటెక్ వాళ్లకు చెప్పక్కర్లేదు. 2017 జనవరి 31 రాత్రి పొద్దుపోయాక వాళ్ల ఇంజనీర్ ఒకరు రెండో డేటాబేస్‌ను ఖాళీ చేసి మళ్లీ నింపుదామనుకుని, పొరపాటున ప్రధానమైన దాన్నే తుడిచేశారు. ఒకట్రెండు సెకన్లలో గ్రహించి ఆపారు. 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. వాళ్లూ బ్యాకప్‌లకి పరిగెత్తారు. వాటిని దాచే చోట ఏమీ లేదు. కారణం చూసి నాకు ఒళ్లు జలదరించింది. డేటాబేస్ 9.6, బ్యాకప్ టూల్ 9.2. వెర్షన్ కలవలేదు. బ్యాకప్ ఫెయిలైందని చెప్పే మెయిళ్లు కూడా వెళ్లేవి, కానీ అవి సరైన సంతకం లేని మెయిళ్లని అవతలి మెయిల్ సర్వర్ తిప్పికొట్టేది. మాకు అబద్ధం చెప్పే మెయిల్ వచ్చింది, వాళ్లకు నిజం చెప్పే మెయిల్ రాలేదు.

వాళ్లను కాపాడింది అదృష్టం. టెస్టింగ్ కోసమని అదే ఇంజనీర్ ఆరు గంటల ముందు చేత్తో తీసిన ఒక స్నాప్‌షాట్. అయినా ఆ ఆరు గంటల్లో వచ్చిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త అకౌంట్లు పోయాయి. నాకు నచ్చింది ఏంటంటే, దాచలేదు. రికవరీ అవుతున్నంతసేపూ యూట్యూబ్‌లో లైవ్ పెట్టారు. తుడిచిన మనిషిని బలిచెయ్యలేదు కూడా.

అదే ఏడాది ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3 పడిపోయింది. ఒక కమాండ్ తప్పుగా టైప్ చేస్తే తీయాల్సిన వాటికంటే ఎక్కువ సర్వర్లు తీసేసింది. సర్వీసులు బాగున్నాయో లేదో జనానికి చూపించే వాళ్ల డ్యాష్‌బోర్డ్ కూడా ఆ ఎస్3 మీదే ఆధారపడి ఉంది. దాంతో దాన్ని మార్చలేకపోయారు. సైట్లు వరసగా పడిపోతుంటే డ్యాష్‌బోర్డ్ మీద పచ్చ టిక్కులే. మా ‘సక్సెస్’ మెయిల్‌కి అన్నలాంటిది.

ఆ నెలలో ఇంటికెళ్లినప్పుడు ఇదంతా మావయ్యకు చెప్పా. సబ్‌స్టేషన్‌లో గంటగంటకీ రీడింగులు రాస్తారు. ఫీడర్‌లో ఎన్ని ఆంపియర్లు, వోల్టేజ్ ఎంత, ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్ టెంపరేచర్ ఎంత అని. మీరు ఏం రాస్తారు, ఓకే అనా అని అడిగా. ‘ఓకే ఏంట్రా? నంబరు రాయాలి’ అన్నాడు. కాసేపాగి మళ్లీ ఆయనే, ‘ఆరు గంటలవీ ఒకేసారి రాసేసేవాళ్లూ ఉంటారు. చూస్తే తెలిసిపోద్ది. అన్నీ ఒకే ఇంకులో, ఒకే చేతివాటంలో ఉంటాయి’ అన్నాడు. శని, ఆదివారాలు కలిపి కొట్టిన సంగతి నేను ఆయనకు చెప్పలేదు. చెప్పకుండానే తెలిసినట్టు చూశాడు.

తిరిగొచ్చాక షీట్‌లో ‘ఓకే’ కాలమ్ తీసేశాం. ఇప్పుడు అక్కడ నంబరు కొట్టాలి, కాపీ పేస్ట్ కాదు, చూసి టైప్ చెయ్యాలి. పక్కనే నిన్నటిది కనిపిస్తుంది. సక్సెస్ మెయిల్ ఆపేశాం. దాని బదులు తెల్లవారుజామున ఒక చిన్న మెషీన్ లేస్తుంది. రాత్రి బ్యాకప్‌ను తెచ్చి నిజంగానే ఒక ఖాళీ డేటాబేస్‌లోకి ఎక్కిస్తుంది, నిన్నటి రిజల్టులు ఎన్నున్నాయో లెక్కపెడుతుంది, అసలు డేటాబేస్ లెక్కతో పోల్చి గ్రూపులో రెండు నంబర్లు పడేసి, తనను తాను మూసేసుకుంటుంది. అంతా కలిపి పాతిక నిమిషాలు. దీనికయ్యే నెల బిల్లు మా టీం ఒకసారి బిర్యానీకి వెళ్తే అయ్యేంత. అయినా ఫైనాన్స్ నుంచి ‘ఇది రోజూ అవసరమా?’ అని మూడునెలలకోసారి మెయిల్ వస్తుంది. జవాబు రాసి రెడీగా పెట్టుకున్నా, అదే పంపిస్తుంటా.

నెల కిందట కొత్తగా చేరిన అమ్మాయికి పొద్దున షిఫ్ట్ అప్పగించా. మొన్న సోమవారం ఆరూ నలభైకి ఫోన్. ‘అన్నా, రెండు నంబర్లూ కలిశాయి, కానీ నిన్నటిది బాగా తక్కువుంది. రోజూ ఎనిమిది వేలు దాటుతుంది, ఇవాళ మూడు వేల చిల్లరే.’

‘నిన్న ఆదివారం కదమ్మా. ల్యాబులు సగం పూటే కదా’ అన్నా.

‘అనుకున్నా అన్నా. కానీ పోయిన ఆదివారంది కూడా చూద్దామని...’

‘చూశావా?’

‘ఇప్పుడే తెరుస్తున్నా.’

నేను కూడా దుప్పటి తీసి లేచి ల్యాప్‌టాప్ తెరిచా. పోయిన ఆదివారం మూడు వేల రెండొందలు. దాని ముందుది రెండు వేల తొమ్మిదొందలు. ఆదివారమే.

‘సరే అన్నా, నంబర్ వేసేస్తున్నా’ అని పెట్టేసింది.